కౌబెల్: లాటిన్ సంగీతంలో, సింఫనీ వాద్యబృందంలో – తరచుగా అడిగే ప్రశ్నలు

లాటిన్ నృత్యసంగీతం వినేవారు, పాశ్చాత్య సింఫనీలు వినేవారు, డ్రమ్స్ లేదా రిథమ్ ప్యాడ్ నేర్చుకుంటున్నవారు కౌబెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. కర్ర పట్టుకోగలిగిన ఎవరైనా దీన్ని మోగించగలరు కనుక ఇది తేలికైన వాద్యమనే అభిప్రాయం బలంగా ఉంది. ఆ అభిప్రాయం సరైనది కాదని ఈ సమాధానాల్లో చాలా చోట్ల కనిపిస్తుంది.

కౌబెల్ అంటే ఆవు మెడలో కట్టే గంటేనా?

పుట్టుక అదే, కానీ వాద్యంగా మారేసరికి దాని రూపం, పని రెండూ మారాయి. లాటిన్ సంగీతంలో వాడే కౌబెల్‌కు లోపల నాలుక ఉండదు. ఉక్కు రేకును మడిచి, అంచులను వెల్డింగ్ చేసి, ఒక కొస మూసి, రెండో కొస వెడల్పుగా తెరిచి ఉంచిన నాలుగు పలకల గొట్టం అది. దాన్ని చేతిలో పట్టుకొనో స్టాండుకు బిగించో కర్రతో కొడతారు. మన పల్లెల్లో ఎడ్ల మెడలో వేలాడే పోత ఇత్తడి గంట ఒకసారి కదిలితే కాసేపు మోగుతూనే ఉంటుంది. రేకు కౌబెల్ నాదం మాత్రం పుట్టగానే ఆగిపోతుంది; పొడిగా, కటువుగా, ఎంత పెద్ద బృందంలోనైనా విడిగా వినబడేలా ఉంటుంది. మన వర్గీకరణ ప్రకారం ఇది ఘనవాద్యం.

సింఫనీ వాద్యబృందంలో మాత్రం నాలుక ఉన్న అసలైన ఆల్ప్స్ పశువుల గంటలనే తెచ్చి ఊపే రచనలు ఉన్నాయి. అంటే ఒకే పేరు కింద రెండు వేర్వేరు వాద్యాలు నడుస్తున్నాయి. ఒకటి కాలాన్ని కొలిచి చూపిస్తుంది, మరొకటి కాలం లెక్కనే మరిపిస్తుంది. దిగువ సమాధానాల్లో ఏ చోట దేని గురించి మాట్లాడుతున్నామో గమనించడం అవసరం.

లాటిన్ సంగీతంలోకి ఇది ఎలా వచ్చింది?

స్పెయిన్ నుంచి పశువుల గంట వచ్చింది, ఆఫ్రికా నుంచి గంటను వాయించే విద్య వచ్చింది, ఆ రెండూ క్యూబాలో కలిశాయి. స్పానిష్ భాషలో పశువుల గంటను సెన్సెర్రో అంటారు, క్యూబాలో వాద్యానికీ అదే పేరు నిలిచింది. అయితే దానిమీద వాయించే లయలు పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడ్డ ప్రజలవి. ఘానా, టోగో ప్రాంతాల ఎవే ప్రజలకు గాంకోగుయి అనే జంట ఇనుప గంట ఉంది, నైజీరియా ప్రాంతపు యోరుబా ప్రజలకు అగోగో అనే గంట ఉంది, క్యూబాలోని అబాకువా సమాజాల ఆచార సంగీతంలో ఎకోన్ అనే ఇనుప గంట ఉంది. ఈ సంప్రదాయాలన్నింటిలోనూ గంట అలంకారం కోసం ఉన్నది కాదు. డోలు వాయించేవారు, పాడేవారు, ఆడేవారు అందరూ తమ స్థానాన్ని గంట దెబ్బను బట్టే చూసుకుంటారు.

ఈ విద్య తెలిసినవారికి సరైన గంట దొరకనప్పుడు దొరికిన ఇనుముతోనే పని జరిగింది. గువాతాకా అంటే పొలంలో వాడే పార పలక. దాన్ని ఇనుప చీలతోనో ఇనుప కడ్డీతోనో కొట్టి వాయించడం క్యూబాలో నేటికీ ఉంది. కార్నివాల్ ఊరేగింపుల్లో వేపుడు పెనాలను జతగా బిగించి వాయిస్తారు. సాంటియాగో నగరపు ఊరేగింపు బృందాల్లో మోటారు వాహనాల బ్రేక్ డ్రమ్ములు మోగుతాయి. నాలుక పీకేసిన పశువుల గంట కూడా ఈ వరుసలో చేరినదే.

ఆఫ్రికా గంట లయల్లో అన్నింటికంటే విస్తృతంగా కనిపించేదాన్ని ఇక్కడే చూపవచ్చు. పన్నెండు సమానమైన మాత్రలు లెక్కపెడుతూ 1, 3, 5, 6, 8, 10, 12 సంఖ్యల దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టండి. ఏడు దెబ్బల ఈ లయ క్యూబాలోని బెంబే సంగీతంలోనూ, బ్రెజిల్‌లోని కాండోంబ్లే ఆరాధనలోనూ, ఎవేల నృత్యాల్లోనూ వినిపిస్తుంది. రెండు నిమిషాల పాటు ఆగకుండా కొట్టి చూస్తే, మొదటి దెబ్బ ఏదో మనసు మెల్లగా మరచిపోతుంది. ఆ స్థితిలోనూ మొదలు తప్పకపోవడమే గంట వాయించేవారి అసలు పని.

సల్సా బృందంలో కౌబెల్ ఎవరు వాయిస్తారు?

సాధారణంగా ఇద్దరు వాయిస్తారు. మొదటివారు బొంగోలు (చేతులతో వాయించే చిన్న జంట డోళ్లు) వాయించే కళాకారుడు, రెండోవారు టింబాలెస్ (స్టాండు మీద నిలిపి కర్రలతో వాయించే లోహపు జంట డోళ్లు) వాయించే కళాకారుడు.

క్యూబా సోన్ పాటకు, దాని వారసత్వంగా వచ్చిన సల్సా పాటకు స్థూలంగా రెండు భాగాలుంటాయి. మొదట ప్రధాన గాయకుడు కథ చెప్పినట్టు పాడే భాగం, ఆ తర్వాత గాయకుడు ఒక మాట అంటే బృందం దానికి బదులుగా ఒకే పల్లవిని తిరిగి తిరిగి పాడే మొంతునో భాగం. మొదటి భాగంలో బొంగోలు సన్నగా, మాటల మధ్య సందుల్లో అల్లుకుంటూ మోగుతాయి. టింబాలెస్ కళాకారుడు డోలు చర్మాన్ని వదిలి దాని లోహపు పక్కభాగం మీద కాస్కారా అనే లయ వేస్తాడు. మొంతునో మొదలవగానే బొంగో కళాకారుడు బొంగోలను కిందపెట్టి, నేలమీద సిద్ధంగా ఉంచుకున్న పెద్ద కౌబెల్‌ను ఎడమ అరచేతిలోకి తీసుకుంటాడు, కుడిచేత్తో లావుపాటి కర్ర అందుకుంటాడు. అదే క్షణంలో టింబాలెస్ కళాకారుడు తన స్టాండు మీది మాంబో కౌబెల్‌కు మారతాడు. ఒక గంట బరువైన అడుగులు వేస్తుంటే రెండోది ఆ అడుగుల మధ్య పరుగెత్తుతుంది. నాట్యం చేస్తున్నవారి ఊపు హఠాత్తుగా పెరిగేది ఈ మలుపులోనే. పాట వేగం ఏమీ పెరగదు, పెరిగినట్టు అనిపిస్తుంది.

ఈ ఏర్పాటు 1940ల నాటికి స్థిరపడింది. హవానాలో బృందనాయకుడు ఆర్సేనియో రోడ్రిగెజ్ కాంగా అనే పొడవాటి డోలు, పియానో, ఒకటికి మించిన ట్రంపెట్లు చేర్చి సోన్ బృందాన్ని పెద్దది చేశాడు. న్యూయార్క్‌లో 1940లో ఏర్పడ్డ మచీటో బృందం, మారియో బౌసా సంగీత నిర్వహణలో, జాజ్ హార్న్‌ల ముందు కాంగా, బొంగో, టింబాలెస్ మూడింటినీ ఒకచోట నిలబెట్టింది. ఆ తరువాత వచ్చిన టిటో పుయెంటే టింబాలెస్‌ను వేదిక వెనుక వరుస నుంచి ముందుకు తెచ్చాడు, దాంతోపాటే దానికి బిగించిన గంటలూ ముందుకు వచ్చాయి.

క్లావే అంటే ఏమిటి, కౌబెల్‌కు దానితో ఏం పని?

క్లావే అనేది ఐదు దెబ్బల లయ. పదహారు మాత్రలు లెక్కపెట్టి 1, 4, 7, 11, 13 దగ్గర కొడితే అది సోన్ క్లావే. మొదటి ఎనిమిదిలో మూడు దెబ్బలు, రెండో ఎనిమిదిలో రెండు దెబ్బలు పడతాయి కనుక దీన్ని మూడు-రెండు క్లావే అంటారు. రెండో సగంతో మొదలుపెడితే రెండు-మూడు క్లావే అవుతుంది. పాటలోని ప్రతి వాద్యమూ, గాయకుడి మాటల విరుపు కూడా ఈ రెండు సగాలకు ఒదిగి ఉండాలి.

కర్ణాటక సంగీతం తెలిసినవారు దీన్ని తాళంగా భావించడం సహజమే, కానీ ఆ పోలికను ఒక హద్దు వరకే తీసుకోవాలి. ఆదితాళంలో చేయి వేసే ఎనిమిది క్రియలు సమాన దూరంలో ఉంటాయి, విరుపులన్నీ దానిమీద కట్టుకుంటూ పోతాం. క్లావేలో విరుపు పునాదిలోనే ఉంది.

బొంగో కళాకారుడి కౌబెల్ ఈ పునాదికీ నాట్యగాడి పాదానికీ మధ్య నిలబడుతుంది. పై లెక్కలోని 1, 5, 9, 13 మాత్రల దగ్గర గంట నోటిమీద పెద్ద దెబ్బ పడుతుంది, అది పాదం కోసం. వాటి నడుమ గంట మెడమీద, అంటే మూసిన కొస వైపు, పడే చిన్న దెబ్బలు క్లావే ఏ సగంలో ఉందో దాన్ని బట్టి అమరుతాయి, అవి తోటి వాద్యాల కోసం. చిన్న దెబ్బలను తలకిందులుగా అమరిస్తే లయను ‘క్లావేకు అడ్డం పడింది’ అంటారు. కొత్తవారికి అందులో తప్పేమీ వినబడదు, తెలిసినవారికి అది శ్రుతి తప్పిన గొంతు విన్నట్టే ఉంటుంది. కౌబెల్ వాయించడం తేలిక అనేవారు సాధారణంగా పెద్ద దెబ్బలను మాత్రమే విన్నవారు.

ఒకే గంట మీద రెండు రకాల శబ్దాలు ఎలా వస్తాయి?

గంట నోటి అంచుమీద కర్ర పక్కభాగంతో కొడితే రేకు మొత్తం కదిలి, లోతైన, తెరిచిన శబ్దం వస్తుంది. మూసి ఉన్న కొసకు దగ్గరగా, పలక మీద కర్ర కొనతో కొడితే ఎత్తైన, బిగుతైన, పొట్టి శబ్దం వస్తుంది. చేతిలో పట్టుకునే గంటలో మూడో సాధనం కూడా ఉంది, అది పట్టుకున్న చేయే. గంట వీపు అరచేతిలో ఆనుకొని ఉంటుంది, చూపుడు వేలును పలకకు నొక్కితే నాదం మూసుకుపోతుంది, వదిలితే తెరుచుకుంటుంది.

కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాట్లలో ఎక్కువగా కనిపించేది గంటను పిడికిలితో బిగించి పట్టుకోవడం. అప్పుడు పెద్ద దెబ్బ కూడా రేకు డబ్బా చప్పుడులా ఉంటుంది. ఇక కర్ర కొన నోటి అంచుకు సరిగ్గా తగిలితే చెవిని కోసే శబ్దం వస్తుంది. అంచుకు అడ్డంగా కర్ర నడుమభాగం పడేలా మణికట్టును కొంచెం కిందికి దించితే అది సర్దుకుంటుంది.

బొంగో బెల్, మాంబో బెల్, చాచా బెల్ – ఇవన్నీ వేర్వేరా?

వేరే. తేడా పరిమాణంలోనూ, నోటి వెడల్పులోనూ, ఏ కర్రతో కొడతారనే దానిలోనూ ఉంది. బొంగో బెల్ పెద్దది, నోరు వెడల్పు, స్థాయి తక్కువ, చేతిలో పట్టుకుంటారు, లావైన గట్టి కర్రతో కొడతారు. మాంబో బెల్ టింబాలెస్ స్టాండుకు బిగించేది. టింబాలెస్ కర్రలు సన్నగా, మొన లేకుండా ఉంటాయి కనుక దాని నాదం కాస్త పలచగా, స్పష్టంగా ఉంటుంది. చాచా బెల్ చిన్నది, స్థాయి ఎక్కువ. చాచాచా నృత్యంలో అది సమాన దూరంలో, ఏ విరుపూ లేకుండా నడుస్తుంది. అంత సరళంగా ఉండటం వల్లే దానిలో అర మాత్ర తొందరపాటు కూడా అందరికీ తెలిసిపోతుంది.

బ్రెజిల్ అగోగో కూడా కౌబెల్ కిందికే వస్తుందా?

కుటుంబం ఒకటే, వాద్యం వేరు. అగోగోలో శంకువు ఆకారపు చిన్న గంటలు రెండు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఒకే వంపు కడ్డీకి అమరి ఉంటాయి. సాంబా బృందాల్లో అది రెండు స్థాయిల మధ్య చిన్న రాగపు ముక్కనే వాయిస్తుంది. అగోగో కోసం రాసిన వరుసను రెండు కౌబెల్‌లతో నడిపించడం అవసరానికి చేసే సర్దుబాటు మాత్రమే; వినేవారికి తేడా తెలుస్తుంది.

సింఫనీ సంగీతంలో కౌబెల్‌కు పేరు తెచ్చిన రచన ఏది?

ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ ఆరవ సింఫనీ. ఆయన దాన్ని 1903, 1904 వేసవుల్లో ఆస్ట్రియా దక్షిణాన వోర్తర్ సరస్సు ఒడ్డునున్న మయర్నిగ్‌లో రాశాడు. 1906 మే 27న జర్మనీలోని ఎస్సెన్ నగరంలో తానే నిర్వహించి తొలిసారి వినిపించాడు. మొదటి భాగమంతా సైనిక కవాతులా కఠినంగా నడుస్తుంది. నడుమ ఒకచోట ఆ కవాతు ఆగిపోయి, వయొలిన్లు ఎత్తైన స్థాయిలో వణుకుతూ నిలబడితే, సెలెస్టా అనే, చిన్న గంటల్లా పలికే మెట్ల వాద్యం మెల్లగా మోగుతూ ఉంటే, దూరం నుంచి పశువుల గంటలు వినిపిస్తాయి. వాటికి తాళం లేదు, నిర్ణీత స్వరమూ లేదు. అంతసేపూ లెక్క తప్పకుండా నడిచిన సంగీతంలో లెక్కకు అందని శబ్దం అదొక్కటే, దాని బలమంతా అక్కడే ఉంది.

మాలర్ స్కోరులో ఒక సూచన కూడా రాశాడు. మేత మేస్తున్న మంద నుంచి గాలిలో తేలి వచ్చే గంటల్లా, ఒకసారి గుంపుగా, ఒకసారి ఒంటరిగా, సున్నితంగా మోగించాలన్నది దాని సారాంశం. ఆ వెంటనే, ఈ సూచనను పట్టుకొని సంగీతానికి కథ అల్లవద్దని కూడా హెచ్చరించాడు. మంద ధ్వనిని అచ్చంగా అనుకరించమంటూనే, అది మందను చూపించడానికి కాదని చెప్పడం పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చు. కానీ ఆ చోటును వింటే మాలర్ మాటే సరైనదనిపిస్తుంది. అక్కడ మనకు కనిపించేది పచ్చిక మైదానం కాదు, మనుషుల సందడికి ఎంత దూరం వచ్చేశామన్నది.

1908 సెప్టెంబరులో ప్రాగ్‌లో తొలిసారి వినిపించిన ఏడవ సింఫనీలోనూ ఆయన ఈ గంటలను వాడాడు. రాత్రి సంగీతం అని పేరు పెట్టిన రెండో భాగంలో అవి దూరం నుంచి వస్తాయి.

ఆనాటి శ్రోతలు దీన్ని ఎలా తీసుకున్నారు?

కొందరు వెక్కిరించారు. ఆరవ సింఫనీ వియన్నాలో వినిపించిన తరువాత, 1907 జనవరిలో అక్కడి హాస్యపత్రిక డీ ముస్కెటె ఒక వ్యంగ్యచిత్రం వేసింది. చిత్రవిచిత్రమైన తాళవాద్యాల మధ్య నిలబడ్డ మాలర్, మోటారు హారన్ పెట్టడం మరచిపోయానే అని తల పట్టుకున్నట్టు అందులో ఉంటుంది. ఆ సింఫనీలో పెద్ద చెక్క సుత్తి కూడా ఉండటం వల్ల వారికి పని మరింత సులువైంది. కచేరీ వేదికకు పశువుల కొట్టం నుంచి వస్తువు తేవడం నవ్వులాటగా కనిపించిన కాలం అది. నేడు ఆ సింఫనీని వాయించే ఏ వాద్యబృందమైనా గంటల ఎంపిక మీద గణనీయమైన శ్రద్ధ పెడుతుంది.

వాద్యబృందంలో ఈ గంటలను నిజానికి ఎలా మోగిస్తారు?

వివిధ పరిమాణాల్లో ఉన్న, నాలుక గల గంటలను కొన్నింటిని తాడుకో చట్రానికో వేలాడదీసి, చేతులతో మెల్లగా కదుపుతారు. కొందరు కళాకారులు చేతికి రెండేసి గంటలు పట్టుకొని నడుస్తూ మోగిస్తారు. దూరం నుంచి అని రాసి ఉన్న చోట వేదిక పక్కనున్న గదిలోనో నడవలోనో నిలబడి, తలుపు ఎంత తెరవాలో రిహార్సల్‌లో తేల్చుకుంటారు. తలుపు పూర్తిగా మూస్తే ఏమీ వినబడదు, బార్లా తెరిస్తే గంటలు పక్కనే ఉన్నట్టుంటాయి.

ఇందులో కష్టమంతా తాళం రాకుండా చూసుకోవడమే. జీవితమంతా లయ తప్పకుండా వాయించడానికి శిక్షణ పొందిన చేతులు తెలియకుండానే కండక్టర్ చేతి కదలికను అనుసరిస్తాయి. అలా జరిగిన మరుక్షణం మంద మాయమై, నలుగురు మనుషులు గంటలు ఊపుతున్నట్టు వినిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు కొన్నిచోట్ల కండక్టర్ వైపు చూడటం మానేసి, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలన్నది మాత్రమే గుర్తుంచుకుంటారు. నాలుక లేని లాటిన్ కౌబెల్‌ను కర్రతో కొట్టి ఈ పని చేయించడం ఎంతమాత్రం కుదరదు.

మాలర్ తర్వాత ఎవరెవరు వాడారు?

రిచర్డ్ స్ట్రౌస్ ఆల్పైన్ సింఫనీలో, పర్వతారోహకులు పచ్చిక బయలుకు చేరుకునే ఘట్టంలో పశువుల గంటలు ఉన్నాయి. 1915 అక్టోబరు 28న బెర్లిన్‌లో దానికి తొలి ప్రదర్శన జరిగింది. మాలర్ వద్దన్న పనే స్ట్రౌస్ సంతోషంగా చేశాడు. ఆయన గంటలు నిజంగా ఆవులవే. గాలి యంత్రం, ఉరుముల రేకు ఉన్న రచనలో అది అసందర్భం కాదు. ఆంటోన్ వేబర్న్ మాత్రం ఇందుకు పూర్తిగా మరో చివర ఉంటాడు. వాద్యబృందం కోసం రాసిన తన ఐదు చిన్న రచనల సంపుటిలో, కొన్ని క్షణాల్లోనే ముగిసిపోయే సంగీతం మధ్య, గంటలను వినీ వినబడనట్టు వాడాడు.

స్వరం పలికే కౌబెల్‌లు కూడా ఉంటాయా?

ఉంటాయి. వీటిని జర్మన్ పేరుతో ఆల్మ్‌గ్లాకెన్ అంటారు. ఒక్కో గంటను ఒక్కో స్వరానికి సరిపడేలా తయారుచేసి, పియానో మెట్ల క్రమంలో చట్రానికి బిగిస్తారు. నాలుకలు తీసేసి, మెత్తటి తల ఉన్న కర్రలతో వాయిస్తారు. స్వరం తెలుస్తుంది కానీ దాని చుట్టూ ఒక మసక ఉంటుంది, ఎందుకంటే రేకు గంటలో మూలస్వరంతోపాటు పుట్టే పైస్వరాలు దానితో సరళమైన నిష్పత్తిలో ఉండవు.

ఈ మసకనే కోరి వాడుకున్నవాడు ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల స్మృతిలో నాటి ఫ్రెంచ్ సంస్కృతి మంత్రి ఆంద్రే మాల్రో కోరిక మీద 1964లో ఆయన రాసిన ‘ఎట్ ఎక్స్‌పెక్తో’ అనే రచనలో తంత్రీవాద్యం ఒక్కటి కూడా లేదు. చెక్క, ఇత్తడి సుషిరవాద్యాలు, లోహపు తాళవాద్యాలు మాత్రమే ఉన్నాయి, వాటిలో స్వరబద్ధ కౌబెల్‌ల మూడు వరుసలున్నాయి. 1965 మే 7న పారిస్‌లోని సాంత్ షాపెల్‌లో, ఆ తర్వాత జూన్‌లో షార్త్ర్ కెథెడ్రల్‌లో దాన్ని వినిపించారు. ఎత్తైన రాతి గోడల మధ్య ప్రతి దెబ్బా తిరిగి వస్తుంది. కనుక ఆ రచనలో గంటల తర్వాత వచ్చే మౌనాల నిడివి కూడా సంగీతంలో భాగమే. లాటిన్ కౌబెల్ నాదం వెంటనే ఆగడం ఎంత ముఖ్యమో, ఇక్కడ నాదం ఆగకపోవడం అంత ముఖ్యం. కార్ల్‌హైన్స్ స్టాక్‌హౌసెన్ మూడు వాద్యబృందాల కోసం రాసిన ‘గ్రుప్పెన్’లోనూ స్వరబద్ధ కౌబెల్‌లు ఉన్నాయి.

లాటిన్ కౌబెల్ సింఫనీ వేదిక మీదకు వచ్చిందా?

వచ్చింది. అందరూ చెప్పే ఉదాహరణ లెనర్డ్ బెర్న్‌స్టైన్ తన సంగీత నాటకం నుంచి తయారుచేసిన ‘సింఫనిక్ డాన్సెస్’, దాని తొలి ప్రదర్శన 1961 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జరిగింది. అందులోని మాంబో (క్యూబా నృత్యసంగీతం) ఘట్టంలో బొంగోలు, టింబాలెస్, కౌబెల్‌లు అన్నీ ఉన్నాయి. సింఫనీ శిక్షణ పొందిన వాద్యబృందాలు దీన్ని వాయించేటప్పుడు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. కాగితం మీది స్వరాలన్నీ సరిగ్గా పడతాయి, అయినా మాంబో పుట్టదు. కారణం చాలావరకు కౌబెల్ కండక్టర్ వెనుక నడవడమే. మాంబోలో మిగతావారంతా కౌబెల్ వెనుక నడవాలి. కొందరు కండక్టర్లు ఈ ఘట్టంలో చేతి కదలికలు బాగా తగ్గించేస్తారు, అది సరైన పనేనని చెప్పాలి.

స్కోరులో కౌబెల్‌ను ఏయే పేర్లతో రాస్తారు?

జర్మన్ స్కోరుల్లో హెర్డెన్‌గ్లాకెన్, కూగ్లాకెన్, ఇటాలియన్‌లో కంపనాచ్చి, స్పానిష్‌లో సెన్సెర్రో. మెస్సియాన్ ఫ్రెంచివాడైనా సెన్సెర్రో అనే రాశాడు, ఆయన ఉద్దేశం మాత్రం స్వరబద్ధ గంటలే. కాబట్టి పేరును మాత్రమే చూసి వాద్యం తేకూడదు. స్వరరేఖల మీద స్వరాలు రాసి ఉన్నాయా, ఒకే గీత మీద దెబ్బలు గుర్తించి ఉన్నాయా, లేక ఆపకుండా మోగించమని సూచించే వంకరటింకర కంపరేఖ మాత్రమే ఉందా అన్నది చూసి నిర్ణయించుకోవాలి.

నేర్చుకునేవారు మొదట ఏది కొనాలి?

లాటిన్ లయలు చేతితో నేర్చుకోవాలనుకుంటే ఒక బొంగో బెల్, దానికి తగిన లావుపాటి కర్ర చాలు. డ్రమ్ సెట్‌కు బిగించుకోవాలనుకుంటే మధ్యస్థ పరిమాణంలో ఉన్న మాంబో బెల్ తీసుకోవడం మంచిది, బిగించే మర ఉందో లేదో చూసుకోవాలి. దుకాణంలో పరీక్షించేటప్పుడు నోటిమీద, మెడమీద ఒక్కో దెబ్బ కొట్టి, రెండు శబ్దాల మధ్య ఎడం స్పష్టంగా ఉందో లేదో వినాలి. ఎడం లేని గంట ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. వెల్డింగ్ అతుకు దగ్గర గిలకలాంటి శబ్దం వస్తే దాన్ని పక్కన పెట్టేయాలి.

క్యూబాపై అమెరికా వాణిజ్య ఆంక్షల వల్ల 1960ల్లో అక్కడి వాద్యాలు అమెరికాకు రావడం ఆగిపోయింది. ఆ కొరతలోంచి పుట్టినదే 1964లో మార్టిన్ కోహెన్ స్థాపించిన లాటిన్ పర్కషన్ సంస్థ. నేడు ప్రపంచమంతటా దుకాణాల్లో కనిపించే కౌబెల్ నమూనాల్లో చాలావాటికి ఆ కాలపు న్యూయార్క్ వాద్యకారుల అభిరుచే ఆధారం.

మా గంట శబ్దం మరీ గరుకుగా ఉంది. ఏం చేయాలి?

ముందు కొట్టే చోటు మార్చి చూడండి, ఆ తర్వాత కర్ర మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే గంట లోపలి పలకకు ఒక ముక్క గుడ్డ టేపు అంటించాలి. బయట అంటిస్తే కర్ర కింద నలిగి ఊడిపోతుంది. చిన్న అయస్కాంతం కూడా అదే పని చేస్తుంది, పైగా కచేరీ గదిని బట్టి జరుపుకోవచ్చు. ఇంట్లో సాధన చేసేటప్పుడు గంట నోటిలో గుడ్డ కుక్కుకోవడం చెవులకూ, ఇరుగుపొరుగుకూ మేలు. చిన్న గదిలో గంటల తరబడి ఖాళీ చెవులతో వాయించడం వినికిడికి ప్రమాదం.

కీబోర్డులో, ఆక్టోప్యాడ్‌లో ఉండే కౌబెల్ శబ్దం అసలుదేనా?

రెండు రకాలున్నాయి. నిజమైన గంటను రికార్డు చేసి పెట్టిన శబ్దం ఒకటి. జనరల్ మిడి పద్ధతిని (ఏ సంఖ్యకు ఏ శబ్దమో నిర్ణయించే ఉమ్మడి ప్రమాణాన్ని) పాటించే ప్రతి కీబోర్డులోనూ డ్రమ్ కిట్ ఎంచుకుంటే 56వ సంఖ్య స్వరానికి, అంటే మధ్య సి నుంచి నాలుగు అరస్వరాలు కిందనున్న నల్ల మెట్టుకు, కౌబెల్ ఉంటుంది. పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్ వాయించే మనవారు వాడేది చాలావరకు ఈ రకమే. ఇందులో లోపమేమిటంటే ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. వీలైతే తెరిచిన దెబ్బ, మూసిన దెబ్బ రెండింటినీ రెండు వేర్వేరు ప్యాడ్‌లకు కేటాయించుకోవాలి, లేకపోతే లాటిన్ లయ ఏదీ నిలబడదు.

రెండో రకం 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ యంత్రంలోనిది. అందులో గంట రికార్డింగ్ ఏదీ లేదు. సుమారు 540, 800 హెర్ట్జ్‌ల దగ్గర మోగే రెండు చతురస్ర తరంగాలను కలిపి, వడపోసి ఆ శబ్దాన్ని పుట్టించారు. నిజమైన గంటలా ఉండదన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. ఇటీవలి ఫాంక్ (phonk) అనే ఎలక్ట్రానిక్ సంగీతంలో, జిమ్ వీడియోల వెనుక వినబడే పదునైన లోహపు రాగం ఈ శబ్దాన్నే స్థాయి మార్చి మార్చి వాయించినది. గంటకు పోలికగా తయారైన శబ్దం చివరికి రాగవాద్యమై కూర్చుంది.

కౌబెల్ అనగానే అమెరికన్లు ఎందుకు నవ్వుతారు?

బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందం 1976లో విడుదల చేసిన ఒక రాక్ పాటలో కౌబెల్ వెనుక సన్నగా మోగుతుంది. 2000 ఏప్రిల్‌లో సాటర్డే నైట్ లైవ్ అనే అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమంలో ఆ పాట రికార్డింగ్‌ను ఊహించి ఒక హాస్యనాటిక వేశారు. ఇంకాస్త కౌబెల్ కావాలని నిర్మాత పట్టుబట్టడమే అందులోని హాస్యం. నాటిక నిజంగానే బాగుంటుంది, కానీ దానివల్ల వాద్యం మీద పడ్డ ముద్ర బొంగో కళాకారులకు పెద్దగా నచ్చదు.

ఏ క్రమంలో వింటే తేడాలు తెలుస్తాయి?

మొదట ఏదైనా క్యూబా సోన్ పాట తీసుకొని, గాయకుడి భాగం నుంచి మొంతునోకు మారే చోటును పట్టుకోండి; గంట ఎక్కడ చేరిందో రెండు మూడుసార్లు వింటే తెలుస్తుంది. తరువాత మచీటో, టిటో పుయెంటే బృందాల 1950ల నాటి మాంబోలు విని, రెండు గంటలను విడదీయడానికి ప్రయత్నించండి. లోతుగా సమాన అడుగులు వేసేది బొంగో కళాకారుడిది, సన్నగా పరుగెత్తేది టింబాలెస్‌ది. ఆపై బెర్న్‌స్టైన్ మాంబో వింటే సింఫనీ వాద్యబృందం ఆ ఊపును ఎంతవరకు అందుకుందో మీరే తేల్చుకోగలరు. మెస్సియాన్ రచనకు మంచి స్పీకర్లు కావాలి. మాలర్ ఆరవ సింఫనీ మొదటి భాగం దాదాపు ఇరవై మూడు నిమిషాలు ఉంటుంది, గంటలు దాని నడిమి భాగంలో వస్తాయి. నేరుగా అక్కడికి దాటవేయకుండా, కవాతు నుంచే వినాలి. ఫోన్ స్పీకరులో ఆ గంటలు దాదాపు వినిపించవు కనుక దీనికి హెడ్‌ఫోన్లు తప్పనిసరి.